చూడుము: పురుషోత్తం

నేను ఒక 'చూడుము' కార్డుని. అరచేతంత అట్టముక్కని. గ్రంథాలయంలో మిగతా కార్డులు ఒక్కోటీ ఒక్కో పుస్తకానికి చిరునామా. నాకు పుస్తకం లేదు. ఒకే మనిషికి రెండు పేర్లుంటే, రెండో పేరు దగ్గర నిలబడి "ఇక్కడ కాదు, అటు చూడుము" అనడం నా ఉద్యోగం. అందరికీ చూపించేదాన్ని నేనే, నన్ను చూసేవాళ్ళే లేరు. పేరుపేరునా పేర్చిన సొరుగులో, పొట్టలో బెజ్జం, బెజ్జంలో ఇనప ఊచ.

నన్ను పుట్టించింది నీలాద్రిరావు గారు, 1974లో. కార్డులు టైపు కొట్టడం ఆయన పని. అప్పట్లో ఆడపేరుకి గిరాకీ; మగవాళ్ళు కూడా చీరకట్టిన పేర్లతో నవలలు రాసేవాళ్ళు. ఒకరోజు 'నీళ్ళపొయ్యి' అనే నవల బల్ల మీదికొచ్చింది. అట్ట మీద సత్యవేణి. ముందుమాట కింద కలిదిండి పురుషోత్తం సంతకం. నీలాద్రిరావు గారు అట్ట చూశారు, సంతకం చూశారు, మధ్యలోది చూడలేదు.

"ఈ సత్యవేణికి మీసాలున్నాయోయ్" అని పక్కసీటాయనతో అని, నా మీద కొట్టేశారు: 'సత్యవేణి. చూడుము: పురుషోత్తం.'

పుస్తకం పురుషోత్తం గారి పద్దెనిమిది నవలల వరసలో పంతొమ్మిదోదై కూర్చుంది.

జనం వచ్చేవాళ్ళు, నన్ను చదివి అటెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత వాళ్ళూ మానేశారు. కంప్యూటరొచ్చింది. నలభై గ్రంథాలయాలు కలిసి రచయితల పేర్లకి ఒకే జాబితా పెట్టుకున్నాయి. నా మీది మాటే అందులోకెక్కింది. నేను ఊచ దాటి కదల్లేదు, నా తప్పు మాత్రం నలభై ఊళ్ళు తిరిగింది. మా బీరువా మీద మంచినీళ్ళ క్యాను పెట్టారు. అప్పుడప్పుడూ ఓ చుక్క కారేది. అదే పలకరింపు.

ఒక మధ్యాహ్నం ఓ పెద్దావిడ వచ్చింది.

"అమ్మాయ్, సత్యవేణి నవల ఉందా? నా దగ్గరున్న ఒక్క కాపీ చెదలు తినేశాయి."

లైబ్రేరియన్ ఝాన్సీ కంప్యూటరు చూసి, "ఆయనవి పంతొమ్మిదున్నాయండీ" అంది.

"ఆయనెవరమ్మా?"

"సత్యవేణంటే పురుషోత్తం గారి కలంపేరు కదండీ."

"పురుషోత్తం గారు మా వీధి మాస్టారు. ముందుమాట ఊదింది ఆయన. పొయ్యి ఊదింది నేను. రాసింది ఒక్కటే, అదీ ఆయనకిచ్చేశారా?"

ఝాన్సీ పుస్తకం తెచ్చి, ముందుమాట పైకి చదివింది. "ఈ సత్యవేణి మా వీధి పిల్ల. ఆస్పత్రిలో సూదులు వేసొచ్చి, నీళ్ళు కాగేలోపు ఇది రాసింది." యాభై ఏళ్ళుగా అయిదో పేజీలోనే ఉంది ఆ మాట.

ఝాన్సీ అక్కడే కూర్చుని జాబితా దిద్దింది. నలభై ఊళ్ళలో సత్యవేణి సత్యవేణి అయింది. తర్వాత ఊచ లాగి నన్ను బయటికి తీసి, "చదివిన పేజీ గుర్తుకి పెట్టుకోండి, పిన్నిగారూ" అని పుస్తకంతో పాటు ఆవిడ చేతికిచ్చింది.

పదిహేను రోజులకి పుస్తకం తిరిగొచ్చింది, నాతో సహా. మళ్ళీ ఎవరూ అడగలేదు. చీకటిగానే ఉంటుంది ఇక్కడ, పేజీల మధ్య. కాకపోతే ఆవిడ నా మీద పురుషోత్తాన్ని కొట్టేసి, పెన్నుతో ఒక్క మాట రాసింది.

'సత్యవేణి. చూడుము: లోపల.'