ఇంగువ డబ్బాలో వెండి

పద్నాలుగు కేరట్ల చట్టం వచ్చి, బంగారం కొనాలంటేనే జనం జంకుతున్న రోజులవి. మొలగొలుకుల వడ్లు అమ్మిన డబ్బుతో ఆదిశేషమ్మ పక్కనున్న కోట ఊరికి వెళ్లి, సంత వీధిలో అమీర్ బాషా దుకాణంలో యాభై తులాల వెండి కడ్డీ కొన్నది. నగ చేయించుకోవడానికి కాదు. ధర పెరిగాక అమ్మి బావికి ఇంజను పెట్టించాలని ఆమె ఆలోచన.

"కొనేటప్పుడే చివర కోసి చూసుకోవాలక్కా. పైన ఎంత తెల్లగా ఉన్నా, లోపల ఏముండాదో కోస్తేనే గదా తెలిసేది," అని బాషా ఉలి తీశాడు. నిండు కడ్డీకి గాటు పెట్టడం ఆదిశేషమ్మకు అశుభంగా తోచింది. "నీ మీద నమ్మకం ఉండాది లే, అట్నే ఇయ్యి," అన్నది.

కొనడం తేలికే, దాచడమే చిక్కు. భర్త పద్మనాభయ్య మంచివాడే గాని ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వెండి ఎక్కడుందో ఆయనకు తెలిస్తే పొద్దుగూకేలోగా ఊరందరికీ తెలుస్తుంది. ఇంగువ వేసిన చారు జుర్రుకుంటాడు గాని, ఆ డబ్బా మూత తీస్తే మాత్రం ముక్కు మూసుకుని వీధిలోకి పోతాడు. అందుకే ఆమె బంగారు గాజులు ఎప్పుడూ ఆవకాయల కోసం తెప్పించిన పెద్ద ఇంగువ డబ్బాలోనే ఉండేవి. కడ్డీని కూడా గుడ్డలో చుట్టి అందులోనే పెట్టింది. తన తెలివికి తానే మురిసిపోయింది.

ఏడాది తిరిగాక తీసి చూస్తే కడ్డీ బొగ్గులా ఉంది.

శుక్రవారం సంత కిటకిటలాడుతుండగా దాన్ని తెచ్చి బాషా ముందు పడేసింది. "ఏమయ్యా, వెండని చెప్పి సీసం అంటగడతావా? ఆడదాన్ననే గదా నీకింత అలుసు?" అని అరిచింది. ఆమె గొంతు ఆ చివరనున్న ఎండుచేపల దుకాణాల దాకా వినిపించింది. జనం పోగయ్యారు.

బాషా కడ్డీని చేతిలోకి తీసుకున్నాడు. ముఖం దగ్గరికి తెచ్చుకుని ఒక్క క్షణం ఆగాడు. "దీన్ని యాడ పెట్టినావక్కా?" అని మెల్లిగా అడిగాడు.

అంతమంది వింటుండగా ఏ ఇల్లాలు చెబుతుంది? "దేవుడి గూట్లో పెట్టినా. ఇంకెక్కడ పెడతారు?" అన్నది ఆదిశేషమ్మ.

బాషా ఆమె ముఖంలోకి చూశాడు. "పోనీ, ఇప్పుడన్నా కోసి చూపిస్తా."

"కోసేదీ లేదు, చూసేదీ లేదు. నా దుడ్డు నాకియ్యి."

బాషా కడ్డీ పక్కన పెట్టి, డబ్బంతా లెక్కపెట్టి ఇచ్చేశాడు. తప్పు చేయనివాడు ఎందుకిస్తాడని సంతంతా అనుకుంది. ఆదిశేషమ్మ కూడా అదే అనుకుంది.

ఆ వారంలోనే బాషా ఆదిశేషమ్మ ఊరికి, ఆమె ఇంటికే వచ్చాడు. గడప అవతల నిలబడి, ఆమెతో మాట్లాడాలన్నాడు. ఆమె వంటింట్లోంచి కదలకుండా, లేదని భర్తకు సైగ చేసింది. "నాతో చెప్పకూడదా?" అన్నాడు పద్మనాభయ్య. "లేదయ్యా, అక్కతోనే చెప్పాల," అని బాషా వెళ్లిపోయాడు. బేరానికి వచ్చాడు కాబోలు, బుద్ధి వచ్చి ఉంటుంది అనుకుంది ఆదిశేషమ్మ.

తర్వాత మద్రాసు నుంచి వచ్చిన బేరగాడి దగ్గర ఇంకో యాభై తులాల కడ్డీ కొన్నది. తూకం అంతే అయినా కడ్డీ మునుపటి దానికంటే కాస్త పెద్దది. అది తనకు దక్కిన లాభం అనుకుంది. దాన్నీ ఆ డబ్బాలోనే పెట్టింది. ఏళ్లు గడిచినా మచ్చ పడలేదు. చూసినప్పుడల్లా ఆమెకు బాషా మీద కోపం రాజుకునేది. వెండి మాట వచ్చిందంటే చాలు, "కోటలో ఆ సాయిబు దగ్గర మాత్రం కొనబాకండి," అని ఆడవాళ్లకు చెప్పేది.

వెండి ధర బాగా పెరిగిందని విని, కడ్డీ తీసుకుని గూడూరు వెళ్లింది. షావుకారు చూడగానే ఉలి అందుకున్నాడు.

"కోసే పనిలేదు. ఇన్నేళ్లు ఇంగువ డబ్బాలో ఉన్నా నల్లబడలేదు. ఇంకేం సాక్ష్యం కావాల?" అన్నది, అక్కడ వినేవాళ్లెవరూ లేరు గనుక.

షావుకారు నవ్వాడు. "అదేనమ్మా నాకు అనుమానం. మంచి వెండికి ఇంగువ తగిలితే నల్లబడాల్సిందే. అదంతా పైపైన మసి, తోమితే పోతుంది. ఇన్నేళ్లూ నల్లబడకుండా ఉందంటే ఇది వెండి కానట్టే."

కోసి, ద్రావకం చుక్క వేశాడు. ఆకుపచ్చగా పొంగింది. జర్మన్ సిల్వర్, పేరుకే గాని ఇందులో వెండి రవ్వంత కూడా లేదన్నాడు. ఇంజను ఆశ అక్కడితో అడుగంటిపోయింది. కాని బస్సులో కూర్చున్నాక ఆమెకు ఇంజను గుర్తు రాలేదు. కోసి చూపిస్తానన్న బాషా ముఖమే గుర్తొచ్చింది. నిప్పులాంటి మనిషిని సంతలో నిలబెట్టి దొంగను చేశాను అనుకుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. కోటలో దిగిపోయింది.

సంత వీధిలో బాషా దుకాణం ఉన్నచోట ఎవరో గాజులు అమ్ముతున్నారు. మసీదు వెనక సందులో అతని ఇల్లు చూపించారు. బాషా వాకిట్లో తిత్తి ఊదుతూ ఎవరిదో ఇత్తడి గిన్నెకు కళాయి వేస్తున్నాడు. కళాయి పట్టడానికి చల్లే నవసాగరం పొగకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. భార్య హజరాబీ గడపలో కూర్చుని గిన్నెలు తోముతోంది.

"బాషా, నీ వెండి మంచిదే," అన్నది ఆదిశేషమ్మ.

"నాకు తెలుసు గదక్కా."

"నేనే ఇంగువ డబ్బాలో పెట్టి..."

"అదీ తెలుసు. కడ్డీ చేతికి రాగానే వాసన కొట్టింది."

"మరి ఆడ్నే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"అంతమంది ముందరా? నీ నగా నట్రా కూడా ఆ డబ్బాలోనే ఉంటాయి గదా. చెప్పుంటే ఆ రేతిరే దొంగలు పడరా? దేవుడి గూడని నువ్వు అబద్ధమాడినప్పుడే అది నీ గుట్టని తెలిసింది. ఇంటికొచ్చి నీకొక్కదానికే చెబుదామనుకున్నా. నువ్వు లేవన్నారు."

"ఇంట్లోనే ఉన్నా, బాషా."

"పోపు ఘాటు గడప దాకా వచ్చింది లే," అని అతను గిన్నె తిప్పుకున్నాడు.

ఆదిశేషమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సంతలో అందరికీ చెబుతా," అన్నది.

బాషా మళ్లీ తిత్తి అందుకున్నాడు. హజరాబీ మాత్రం తల ఎత్తకుండానే, "ఆ రోజు అరిచినంత గట్టిగా చెప్పమ్మా," అన్నది.

శుక్రవారం ఆదిశేషమ్మ ఖాళీ ఇంగువ డబ్బా పట్టుకుని గాజుల దుకాణం ముందు నిలబడింది. మొదటిసారి గొణిగినట్టు చెప్పింది. గాజులామె, "ఏందక్కా, వినపళ్ళా," అన్నది. ఆదిశేషమ్మ డబ్బా మూత తీసి పైకెత్తింది. నలుగురు ముక్కులు మూసుకున్నారు, ఎవరో నవ్వారు. అన్నీ చెప్పింది. ఎక్కడ దాచిందీ చెప్పింది, వంటింట్లో ఉండి లేదనిపించిందీ చెప్పింది.

"మరి బాషా అప్పుడే చెప్పొచ్చు గదా?" అన్నాడు ఒక ముసలాయన.

"నా గుట్టు బయట పెట్టకూడదని ఊరుకున్నాడు. నేనేమో ఆయన నోటికాడి కూడు తీసేసినా," అన్నది ఆదిశేషమ్మ. ఆ మాట ఎండుచేపల దుకాణాల దాకా వినిపించింది. తర్వాత ఎవరూ నవ్వలేదు.