ముందు చక్రం చప్పుడు

అతన్ని అందరూ 'మూడుసార్లు' అనేవాళ్ళు. మోటారుసైకిళ్ళు బాగుచేసే మేస్త్రి. ఏ నట్టు బిగించినా మూడుసార్లు పానా పెట్టి చూస్తాడు. బిగించాక ఒకసారి, చేతులు తుడుచుకుని వచ్చి ఒకసారి, తీరా బండివాడు కిక్కు కొట్టబోతుంటే "ఒక్క నిమిషం ఆగండి" అని వంగి మరోసారి. వచ్చినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేస్త్రీ, నడిపేది నేను కదా" అని ఒక కాంపౌండరు వచ్చినప్పుడల్లా అనేవాడు.

ఇంట్లో భార్య కూడా ఊరుకునేది కాదు. "తలుపు గడియ మూడుసార్లు, గ్యాసు మూడుసార్లు. నన్ను మాత్రం ఒక్కసారే చూసి చేసుకున్నాడు. అప్పటికింకా ఈ జబ్బు రాలేదు" అనేది.

జబ్బు వచ్చి మూడేళ్ళయింది. అతని అన్న మోటారుసైకిలు మీద పనికి పోతూ, కోత మిల్లు దాటాక మలుపులో పడి చనిపోయాడు. ముందురోజు సాయంత్రం ఆ బండికి ముందు చక్రం విప్పి కొత్త టైరు వేసింది తమ్ముడే. చక్రం ఎక్కించి ఇరుసు నట్టు బిగిస్తుండగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చాడు. వచ్చాక, నట్టు వదులు కాకుండా అడ్డంగా గుచ్చే పిన్ను గుచ్చాడా లేదా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. నట్టు గుర్తుంది. పానా గుర్తుంది. ఫోనులో అవతలివాడి దగ్గు కూడా గుర్తుంది. పిన్ను దగ్గరికొచ్చేసరికి చీకటి.

పోలీసులు అతివేగమని రాసి కాగితాలు మూసేశారు. కానీ మిల్లులో దుంగలు మోసే కూలీ ఒకడు, "ముందు చక్రం వణికినట్టయింది సార్" అన్నాడట. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి మేస్త్రి చెవికి చేరింది. చేరినది మళ్ళీ బయటికి పోలేదు.

అప్పటి నుంచి ఎవరి బండి నడిపి చూసినా ముందు చక్రంలోంచి చప్పుడు. టక్... టక్... టక్. వదులైన నట్టు ఇరుసును కొట్టుకున్నట్టు. వెనక కూర్చున్న బండివాడికి వినపడేది కాదు. దింపి, విప్పి చూస్తే అన్నీ బిగుతుగానే ఉండేవి. మళ్ళీ ఎక్కితే మళ్ళీ అదే. ఒక్కోసారి షాపులో బండ్లన్నీ ఆగి ఉన్నప్పుడు, మధ్యాహ్నపు ఎండ రేకుల కప్పు మీద నిప్పులు చెరుగుతున్నప్పుడు కూడా, గోడ వారగా ఎక్కడో ఒక చక్రం మెల్లగా తిరుగుతున్నట్టు అనిపించేది. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని భయం.

అన్న పడిన బండిని పోలీసు స్టేషను నుంచి వదిన ఇంటికి చేర్చారు. అతను దాన్ని చూడటానికి వెళ్ళలేదు. వదిన ఇంటికే వెళ్ళడం తగ్గించాడు. వెళ్ళినా వాకిట్లో దుప్పటి కప్పి ఉన్న ఆ ఆకారం వైపు తల తిప్పేవాడు కాదు.

ఒకరోజు పొద్దున సామాన్ల ఆటో ఒకటి షాపు ముందు ఆగింది. వెనక ఆ దుప్పటి. డ్రైవరు పక్కన వదిన.

వదిన నర్సు. ఆసుపత్రికి రాలేని ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చడం, సూదులు వేయడం ఆమె ఉద్యోగం. ఆటోలోంచి దిగి చీర కొంగు దులుపుకుని, సుత్తి లేకుండా విషయానికి వచ్చింది.

"మా దారిలో బస్సు తీసేశారు. ఎనిమిది ఇళ్ళు తిరగాలి. దీన్ని బాగుచెయ్యి. నేను నేర్చుకుంటాను."

మేస్త్రి పానా కింద పెట్టాడు. "ఇదెందుకు వదినా? మీకు తేలికగా ఉండే స్కూటరు ఒకటి చూద్దాం."

"స్కూటరు కొన్నా ఇది ఇంట్లోనే ఉంటుందిగా. మూడేళ్ళ నుంచి వాకిట్లో ఎవరో దుప్పటి కప్పుకుని వంగి కూర్చున్నట్టుంటుంది. పొద్దున తలుపు తీయగానే మొదట కనపడేది అదే. అమ్మబోతే చెయ్యి రాలేదు. ఇక నడవనన్నా నడవాలి, పోనన్నా పోవాలి."

"వేరే మేస్త్రి దగ్గర..."

"వేరేవాళ్ళ చేతిలో పెట్టను" అంది వదిన. ఆటోవాడి సాయంతో బండిని దింపించి, అదే ఆటోలో వెళ్ళిపోయింది.

మొదటి రోజు దుప్పటి తీయడంతోనే సరిపోయింది. ట్యాంకులో పాత పెట్రోలు పుల్లగా కంపు కొడుతోంది. గాలి ఫిల్టరులో ఎలుకలు గూడు కట్టాయి. హెడ్‌లైటు పగిలింది, హ్యాండిలు ఒక పక్కకు వంగింది. అంతకుమించి పెద్ద దెబ్బలేం లేవు. అన్న కల్వర్టు గోడకు తగిలితే, బండి మాత్రం జారుకుంటూ గడ్డిలోకి పోయి పడుకుందట. ఆనాటి గడ్డి ఫుట్‌రెస్టు సందులో ఇంకా ఇరుక్కునే ఉంది. ఎండి, బూడిద రంగుకు తిరిగి. దాన్ని లాగబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పుట్టలో చెయ్యి పెట్టాల్సినవాడు పుట్ట చుట్టూ తిరిగినట్టు, అతను బండి వెనక నుంచి పని మొదలుపెట్టాడు. చైను విప్పి కిరోసిన్‌లో నానేశాడు. వెనక బ్రేకు చెక్కలు మార్చాడు. ట్యాంకు కడిగాడు, కార్బురేటరు విప్పి సన్నని రంధ్రాలన్నీ ఊది చూశాడు, ప్లగ్గు మార్చాడు, క్లచ్ వైరు కొత్తది వేశాడు. నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజుకు ముందు భాగం తప్ప మిగిలిందేమీ లేదు.

ఆ మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, ముందు చక్రం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇరుసు నట్టు చుట్టూ మట్టి, గ్రీజు కలిసి గట్టిపడిపోయి ముద్దలా ఉంది. నట్టు కనపడటం లేదు, పిన్నూ కనపడటం లేదు. బ్రష్షుతో కిరోసిన్ రాశాడు. స్క్రూడ్రైవరు మొనతో కొంచెం కొంచెంగా గీకాడు. రెండుసార్లు ఆపి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

పిన్ను ఉంది.

ఒక కాలు పైకి, ఇంకో కాలు నట్టు చుట్టూ వంచి. అలా వంచేది ఆ చుట్టుపక్కల అతనొక్కడే. నట్టుకు పానా పెట్టి చూస్తే వెంట్రుకంత కూడా కదల్లేదు. బ్రేకు బోల్టులు బిగుతుగానే ఉన్నాయి. బేరింగుల్లో వదులు లేదు. చక్రం వణికిందంటే కొత్త టైరు జారి ఉంటుంది. కొత్త రబ్బరు పైన నున్నగా ఉంటుంది. మొదటి వంద కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి, మలుపుల్లో వంచకూడదు. ఆ సంగతి అన్నకు చెప్పాడు కూడా.

తప్పు తనది కాదు. మూడేళ్ళుగా ఆ మాట కోసమే బతికాడు. ఇప్పుడు దొరికింది. దొరికాక లేచి నిలబడి ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాడు. లేవలేకపోయాడు. ఎందుకంటే, పిన్ను అడ్డం తొలగగానే దాని వెనక ఇన్నాళ్ళూ నిలబడి ఉన్నది ముందుకు వచ్చింది. పిన్ను అతనికి గుర్తు లేదు. ఇది మాత్రం ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు. అటు చూడలేదంతే.

సాయంత్రం ఐదింటికి వదిన డ్యూటీ దిగి వచ్చింది. మందుల సంచి భుజానే ఉంది. మరిది నేల మీదే కూర్చుని ఉండటం చూసి, షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"ఏం తేలింది?"

"బండిలో ఏ లోపమూ లేదు వదినా. పిన్ను కూడా ఉంది."

"ఏ పిన్ను?"

అప్పుడు చెప్పాడు. ఫోను, పిన్ను, చప్పుడు అన్నీ. వదిన సంచి ఒళ్ళో పెట్టుకుని విన్నది. "పిచ్చివాడా, ఒక్కసారి వచ్చి చూసుకుంటే మూడేళ్ళ కిందటే తేలిపోయేదిగా" అంది చివరికి, మెత్తగా.

ఆ మెత్తదనాన్ని అతను భరించలేకపోయాడు.

"ఇంకొకటుంది. ఆ పొద్దున బండి తీసుకోవడానికి అన్న ఇక్కడికి వచ్చాడు. ఆలస్యమైందని తొందరపడుతున్నాడు. కొత్త టైరు, నెమ్మదిగా పో అన్నాను. 'నీ పాఠాలు ఆపు, నాకు టైమవుతోంది' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. 'టైముకి వెళ్ళడం నీకెప్పుడు చేతనయింది? నాన్న ప్రాణం పోయేటప్పుడు కూడా టైముకి రాలేదుగా' అన్నాను."

వదిన చెయ్యి సంచి జిప్పు మీదికి పోయింది.

"అన్న ముఖం తెల్లబోయింది. హెల్మెట్టు తల మీద పెట్టుకుని బండెక్కాడు. గడ్డం కింద పట్టీ పెట్టుకోలేదు. వేలాడుతోంది. చూశాను వదినా. రోజూ వచ్చే ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా 'పట్టీ పెట్టుకోండి' అని చెప్పేవాణ్ణి. అన్నకు చెప్పలేదు. కోపంలో ఉన్నాను. చెబితే నేను తగ్గినట్టవుతుందనిపించింది. నోరు మూసుకుని నిలబడ్డాను."

హెల్మెట్టు అన్నకు పది అడుగుల దూరంలో, పగలకుండా, గీత కూడా పడకుండా దొరికింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. 

బయట రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. వదిన చాలాసేపు మందుల సంచి జిప్పును ముందుకూ వెనక్కూ లాగుతూ కూర్చుంది. తర్వాత లేచి, షట్టరు కింద నుంచి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. మేస్త్రి బండి పని పూర్తి చేశాడు. రెండు టైర్లూ కొత్తవి వేశాడు, బ్రేకు నూనె మార్చాడు, హ్యాండిలు సరిచేసి కొత్త హెడ్‌లైటు పెట్టాడు. స్టార్టు చేస్తే మూడో కిక్కుకు అందుకుంది. ఆ ఇంజను గొంతు వినగానే చెయ్యి తాళం మీదికి పోయింది. అన్న సందు మలుపు తిరుగుతున్నప్పుడు ఇంట్లోకి వినపడే గొంతు అది. ఆపేశాడు. ఆపిన తర్వాత కూడా కాసేపు వినపడింది.

పదో రోజు వదిన వచ్చింది. చేతిలో కొత్త హెల్మెట్టు.

"నిన్ను క్షమించానని అనుకోకు. అది నాకింకా తెలియదు. తెలిసినప్పుడు చెబుతాను. ముందు బండి నేర్పు. నీ అంత జాగ్రత్తగా నేర్పేవాళ్ళు ఎవరూ లేరు."

"సరే వదినా" అన్నాడు. 

ఆగిపోయిన ఇటుకల బట్టీ పక్కన ఖాళీ స్థలంలో రోజూ పొద్దున గంటసేపు నేర్పాడు. మొదటి మూడు రోజులు ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. టైరును బొటనవేలితో నొక్కి చూడటం, చైను వేలితో పైకెత్తి వదులెంతో చూడటం, బ్రేకు పట్టి బండిని ముందుకు తోసి చూడటం. "ఇది నడపడానికి తెచ్చామా, పూజించడానికి తెచ్చామా?" అని వదిన విసుక్కుంది. నాలుగో రోజు క్లచ్ వదిలీ వదలగానే బండి కప్పలా గెంతి ఆగింది. వదిన నవ్వింది. మూడేళ్ళలో ఆమె నవ్వు వినడం అతనికదే మొదటిసారి.

ఒక పొద్దున ఆమె ముఖం గంటుపెట్టుకుని వచ్చింది. ఆసుపత్రిలో ఎవరితోనో మాటామాటా పెరిగిందట. మేస్త్రి తాళం ఇవ్వలేదు.

"ఈ రోజు వద్దు వదినా."

"నీకెందుకు? నా చేతులు బాగానే ఉన్నాయి."

"చేతులు బాగానే ఉన్నాయి. మనసు ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. కోపంతో ఎక్కినవాడు ఎదుటివాణ్ణి చూడడు, తనను రెచ్చగొట్టినవాణ్ణే చూస్తుంటాడు. రోడ్డు మీద వాడు ఉండడు."

వదిన కోపంగా చూసింది. చూస్తుండగానే కోపం ఎటో పోయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ మాట ఆ రోజు ఆయనకు చెప్పి ఉంటే" అంది.

"చెప్పి ఉండాల్సింది" అన్నాడు మేస్త్రి. ఇద్దరూ బండిని తోసుకుంటూ వెనక్కి నడిచారు. దారిలో చప్పుడు గురించి అడిగింది. ఇప్పటికీ వినపడుతుందా అని. వినపడుతుందన్నాడు. ఆమె ఆగి, వంగి, చక్రం దగ్గర చెవి పెట్టి, అతన్ని నెమ్మదిగా తోయమని నిజంగానే విన్నది.

"నాకేం వినపడట్లేదు. నీకు వినపడుతోందంటే మాత్రం నమ్ముతాను" అంది. చెబితే ఎవరైనా నమ్ముతారని అతను ఎప్పుడూ అనుకోలేదు.

లైసెన్సు వచ్చాక మొదటి రోజు వదిన ఒంటరిగా డ్యూటీకి వెళ్ళింది. వెనక వస్తానంటే వద్దంది. మేస్త్రి ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా షాపులో తిరిగాడు. ఒక బండికి వేయాల్సిన నూనె ఇంకో బండికి పోశాడు. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. రోడ్డు మీద ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, తన కోసమే ఎవరో పరిగెత్తుకొస్తున్నారనిపించింది.

నాలుగున్నరకు బండి వచ్చి షాపు ముందు ఆగింది. వదిన దిగి, హెల్మెట్టు తీసి, చెమట తుడుచుకుంది.

"మిల్లు దగ్గర మలుపుకి వెళ్ళానా, చేతులు చల్లబడ్డాయి" అంది. "గేరు తగ్గించి మెల్లగా పోతున్నాను. వెనక ఇటుకల లారీవాడు ఒకటే హారను. నీకు తొందరైతే నీ తొందర, నాది కాదు అనుకున్నాను. మలుపు దాటాక పక్కకు తీసి దారిచ్చాను. వాడు పోతూ ఏదో తిట్టాడు కూడా."

"ఏమన్నాడు?"

"ఎవరు విన్నారు? గడ్డి వైపు చూస్తున్నాను. అక్కడ ఇప్పుడు ఏవో పసుపు పూలు పూశాయి." హెల్మెట్టు హ్యాండిలుకు తగిలించింది. "ఏడుపొస్తుందేమో అనుకున్నా. తర్వాతి ఇంట్లో ముసలాయనకు కట్టు మార్చే టైమయిపోయింది, వెళ్ళిపోయాను."

మేస్త్రి లోపలికి వెళ్ళాడు. మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. వదిన తాగి, బండి పక్కన గొంతుక్కూర్చుని చైను వేలితో పైకెత్తి చూసింది. రోజంతా తిరిగేసరికి చైను కొంచెం సాగింది.

"వదులైంది. పద్నాలుగు నంబరు పానా ఏది?"

"మీరు లేవండి వదినా, నేను చూస్తాను."

"నేనే చేస్తాను. నువ్వు చెప్పు చాలు" అంది. తర్వాత తల ఎత్తకుండానే, "వెలుతురుకి అడ్డం నిలబడ్డావు, కాస్త తప్పుకో మరిదీ" అంది.

అతను పక్కకు జరిగాడు.