పిన్యాతాకు ఎన్ని దెబ్బలు

ఆదివారం జాతరకు, పిల్లలు వంతులవారీగా కర్రతో కొట్టి పగలగొట్టే పిన్యాతాలు అరవై కావాలి. అవీ, తనిఖీకని ఇంకో పదీ ఎదువిహెస్ పిన్ని కార్ఖానాలో దూలాలకు వేలాడుతున్నాయి. మట్టికుండ చుట్టూ కాగితం పొరలు, ఏడేసి కొమ్ములు, రంగు కాగితాల కుచ్చులు. కాలేజీవాళ్ళు తనిఖీ చేసి సంతకం పెట్టనిదే ఈ ఏడు సరుకు తీసుకునేది లేదని జాతర కమిటీ చెప్పింది. ఒదీలియా టీచర్ దాన్నే పాఠం చేసుకుని పాలిటెక్నిక్ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. సంతకం ఎవరిదని చీటీలు తీస్తే పిన్ని అక్క కూతురు యారెట్సి పేరే వచ్చింది.

"పదో దెబ్బలోపు పగలకూడదు. పగిలితే వరసలో ఉన్న పసివాళ్ళకు వంతు రాదు. ఇరవై దాటి నిలవనూ కూడదు, ఏడుస్తారు," అంది టీచర్.

వాటిలోంచి అయిదింటిని ఏరి, వాటిలో వేరుశనక్కాయలు నింపారు. క్లాసులోని హెనారో కళ్ళకు గంతలు కట్టి చేతికి కర్ర ఇచ్చారు. పిన్ని భర్త క్రిస్పిన్ బాబాయ్ పిన్యాతా తాడు పట్టుకున్నాడు. "ఎడమకు! కాదురా, పైకి!" అని క్లాసు క్లాసంతా అరిచింది. పన్నెండు, పద్నాలుగు, పదకొండు, పదిహేను. నాలుగూ పగిలాయి. అయిదోది ఇరవై రెండు కొట్టినా చెక్కుచెదరలేదు.

"ఒక్కటి దాటినా దాటినట్టే. మరీ గట్టిగా ఉన్నాయి. ఒక్కో పొర తీసెయ్యమని రాయి, యారెట్సీ," అంది టీచర్.

"నా చేతి పనికి పొర తీసేదేమిటి? ఆ అబ్బాయి పొద్దున తిండి తిన్నాడో లేదో అడగండి!" అంది పిన్ని.

యారెట్సి పెన్ను ఆగింది. ఆ ఇరవై రెండింటిలో కర్ర కుండకు తగిలింది రెండేసార్లు. మిగతావన్నీ గాలికే. బాబాయ్ తాడు లాగుతూ దాన్ని తప్పిస్తూనే ఉన్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"పిన్యాతా అన్నాక తాడు లాగరా?" అన్నాడాయన తెల్లబోయి. ఆ గదిలో ఎవరికీ అందులో తప్పు తోచలేదు. గంతలు లేకుండా పిన్యాతాను కొట్టడం వాళ్ళెవరూ ఎరగరు.

"టీచర్, మనం లెక్కపెట్టింది ఊపులు. దెబ్బలు కావు. పిన్ని సరుకులో తప్పేం లేదు!"

పిన్ని ఆమెను తన అక్కచెల్లెళ్ళ కూతుళ్ళందరిలోకీ తెలివైనదాన్ని చూసినట్టు చూసింది.

"అయితే తగిలినవే లెక్క. మళ్ళీ మొదలు. గంతలొద్దు, తాడొద్దు," అంది టీచర్.

ఇంకో అయిదింటిని కొక్కేనికి కదలకుండా కట్టారు. నాలుగు, మూడు, నాలుగు, అయిదు, మూడు. అన్నీ పది లోపే పగిలాయి. పిన్ని స్టూలు మీద చతికిలపడింది.

"ఎన్ని పొరలు వేశావు పిన్నీ?"

"అయిదు. ఎప్పుడూ ఏడు వేస్తాను. ఈసారి టైము చాలలేదే."

యారెట్సి 'మరో రెండు పొరలు వేయాలి' అని రాసి, కింద సంతకం పెట్టింది.

"సొంత పిన్నినని కూడా చూడలేదు!"

"చూశాను పిన్నీ. అందుకే అక్షరాలు గుండ్రంగా రాశాను."

"ఆ గుండ్రటి చేత్తోనే లై పూయి," అని పిన్ని మైదా లై గిన్నె, కుంచె ఆమె ఒళ్ళో పెట్టింది. "ఏమర్రా, శనక్కాయలు మేసినవాళ్ళందరూ కూర్చోండి. ఆదివారం ఎంతో దూరంలో లేదు."

పాత పేపర్లు చింపుకుంటూ క్లాసంతా నేలమీద కూర్చుంది. టీచర్ కూడా జాకెట్టు చేతులు మడుచుకుంది. ఆమె అంటించిన మొదటి కుండను పిన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో నొక్కి, అంచు పట్టుకుని పేపరంతా సర్రున లాగేసింది.

"లోపల బుడగలున్నాయి టీచర్. మళ్ళీ అంటించండి."