అత్తని తిట్టాల్సి వచ్చింది

ఆ వేసవి అంతా మనుషుల జేబులు వెతకడమే నా పని. పేరుకి ఇంటర్న్‌ని. ఎలుగుబంట్లను చూడటానికి నీటి మీద వాలే విమానంలో వచ్చి మా వాగు సముద్రంలో కలిసేచోట దిగే జనానికి ఎదురెళ్ళి, పలకరింపులు పూర్తి కాకముందే "తినేవి ఏమున్నా ఈ ఇనప పెట్టెలో పెట్టేయండి" అనాలి. చూయింగ్ గమ్ము కూడా వదిలేదాన్ని కాదు. రోజుకి ఇరవై మందికే అనుమతి. వాళ్ళని కంకర తిన్నె మీద గీత దాటకుండా నిలబెట్టి, వాగులో సాల్మన్ చేపలు పట్టుకునే ఎలుగుల్ని చూపించి, క్షేమంగా వెనక్కి పంపించాలి.

రేంజర్ హాన్లన్‌కి అక్కడ అది పంతొమ్మిదో వేసవి. ఆయనా నేనూ ఎదురుగా ఉన్న చిన్న దీవి మీద చెరో డేరాలో ఉండేవాళ్ళం. ఊరికి పోవాలంటే పడవలో మూడు గంటలు. ఎలుగులకి ఆయన పేర్లు పెట్టరు, అంకెలు పెడతారు. మా కథలోది పదిహేడు. మూడేళ్ళ ఆడది. ఆ వసంతంలోనే తల్లి దాన్ని తరిమేసింది. ఎటు పోవాలో తెలియక మా తిన్నె చుట్టూనే తిరిగేది.

నేను దాన్ని అత్తా అనేదాన్ని. మా త్లింగిట్ తెగలో ఒక్కో వంశానికి ఒక్కో జంతువు గుర్తు. మా నాన్న వంశానికి ఎలుగు. అంటే ఎలుగులన్నీ నాకు నాన్న తరఫు బంధువులు, ఆడదైతే మేనత్త. రోజూ పొద్దున పడవ దిగుతూనే, "అత్తా, మేమే. మీ దారికి అడ్డం రాం. కాసేపు నిలబడి పోతాం" అని చెప్పేదాన్ని. అది తలెత్తి విని, మళ్ళీ గడ్డి మేసుకునేది.

"మూడేళ్ళ పిల్లని పట్టుకుని అత్త ఏంటమ్మాయ్?" అని హాన్లన్ ఎగతాళి చేసేవారు.

"చుట్టరికానికి వయసేంటండీ? మా ఊళ్ళో నాకు ఉయ్యాల్లో ఉన్న అత్త కూడా ఉంది."

"మరి ఆవిడకీ ఇలాగే దణ్ణాలు పెడతావా?"

"ఏడుపు ఆపితే పెడతాను."

జూలైలో మూడు రోజులు సెలవిస్తే ఇంటికి వెళ్ళాను. మా ఇంట్లో ఎవరూ అడవికి వట్టి చేతులతో పోరు. ఇంటి తిండి కొంచెమైనా ఒంటి మీద ఉండాలి, అడుక్కోవడానికి వచ్చినట్టు అడవికి కనిపించకూడదు అంటుంది అమ్మమ్మ. చేతికి ఇస్తే వద్దంటామని, పొగబెట్టి ఎండబెట్టిన చేప ముక్కలు తనే మన కోటు లోపలి జేబులో దోపేస్తుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఎప్పుడూ డేరా దగ్గర దిగగానే అవి తీసి తినేసేదాన్ని. ఈసారి పడవ ఆలస్యమై తిన్నగా తిన్నె దగ్గరే దింపింది. అప్పటికే ఇరవై మంది వానలో నిలబడి ఉన్నారు. ఇరవై మంది జేబులూ వెతికాను. నా జేబు నాకు గుర్తు రాలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే అయింది నా పని.

మధ్యాహ్నం ఎండ వచ్చింది. వాన కోటు విప్పి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన మొద్దు మీద ఆరేశాను. కెమెరా పట్టుకుని గీత దాటిన ఒకాయన్ని వెనక్కి తీసుకొచ్చేసరికి అత్త చేతుల్లో నా కోటు ఉంది. లోపలి గుడ్డ చీల్చి, ముక్కలన్నీ తిని, పంజాలు నాకి, నా వైపు చూసింది. గుడ్డతో ఆడుకుంటోందనుకుని జనం నవ్వుతూ ఫోటోలు తీశారు. హాన్లన్ పైన వాగు వంపు దగ్గర ఉన్నారు.

"ఆడుకుంటూ చింపేసిందండీ" అని ఆ సాయంత్రం ఆయనకి అబద్ధం చెప్పాను.

అత్తని కాపాడటానికి చెప్పానని అనుకోవాలని ఉంటుంది. కాదు. మా ఊరి నుంచి ఆ పనికి తీసుకున్న మొదటి పిల్లని నేను. ఇంటికి పంపేస్తారని భయపడ్డాను, అంతే.

మూడో రోజు అత్త గీత దాటి తిన్నగా వచ్చింది. మొద్దు మీద కూర్చున్న ముసలావిడ కోటు జేబులో మూతి పెట్టింది. ఆవిడ ఊపిరి కూడా తీయలేదు. హాన్లన్ చప్పట్లు కొడుతూ మధ్యకి వెళ్ళారు. అత్త నెమ్మదిగా వెనక్కి తగ్గింది. అది చెట్లలోకి పోయేదాకా ఆయన తుపాకీ భుజానికి ఆనించి గురిపెట్టే ఉంచారు.

జనాన్ని పంపించాక మొత్తం చెప్పేశాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"చేప పోతే పోయింది. రెండు రోజులు పోగొట్టావు" అన్నారు. "ఆ రెండు రోజులూ అది కోట్ల కోసమే వెతుక్కుంది. ఇంకొక్కసారి మనిషి మీదకి వచ్చిందంటే నేను కాల్చేయాలి. ఇన్నేళ్ళలో ఇక్కడ ఒక్కదాన్ని కూడా కాల్చలేదమ్మాయ్ నేను."

"వేరే దారి లేదా అండీ?"

"మనుషులంటే భయం పుట్టేలా తరమాలి. రబ్బరు తూటా నేను కొడతాను. అరవాల్సింది మాత్రం నువ్వే."

"నేనా?"

"దానికి తెలిసిన గొంతు నీదే. నువ్వు మెత్తగా ఉన్నంతకాలం నేనెంత కొట్టినా తిరిగొస్తుంది."

మాలో ఎలుగుని ఎవరూ పరుషంగా అనరు. చలికాలం తలుపులన్నీ మూసుకుని ఇంట్లో కూర్చుని కూడా అనరు. అవి వింటాయి. ఆ సాయంత్రమే డేరాలో ఉన్న శాటిలైట్ ఫోన్‌లో అమ్మమ్మకి చేసి జరిగిందంతా చెప్పాను.

"నే పెట్టిన చేపేనటే?" అంది.

"ఊ."

"అయితే తప్పు ఇద్దరిదీనే. తిట్టేముందే క్షమించమని అడిగెయ్. తర్వాత అడుగుదామంటే ఆవిడ అక్కడ ఉండదు."

"అత్తని అంత మాట ఎలా అనను అమ్మమ్మా?"

"నిజంగానే అనాలి వెర్నా. ఉత్తుత్తినే అంటే తెలిసిపోద్ది ఆవిడకి. తెలిస్తే మళ్ళీ వస్తది. వస్తే చంపేస్తారు."

మర్నాడు జనాన్ని ఎవరినీ దిగనివ్వలేదు. ఆటుకి సముద్రం నీళ్ళు వెనక్కి తగ్గాక అత్త గడ్డిలోంచి వచ్చింది. నన్ను చూసి నడక వేగం పెంచింది.

"అత్తా, తప్పు నాది" అన్నాను మెల్లగా. "ఇప్పుడు అనబోయేది మనసులో పెట్టుకో. ఎప్పటికీ మర్చిపోకు."

మామూలుగా మర్చిపొమ్మని అడుగుతారు మనుషులు.

పదిహేను అడుగుల దాకా వచ్చింది. గిన్నె మీద గరిటెతో కొడుతూ అరిచాను. "దొంగమొహమా! తిండికి గతిలేనిదానా! పో!"

ఆగింది. చెవులు నిక్కించి నా వెనక చూసింది, అరిచింది ఇంకెవరో అన్నట్టు. తర్వాత ఇంకో అడుగు ముందుకే వేసింది. నా మాటలో నిజం లేదని దానికి తెలిసిపోయింది.

అప్పుడు అన్నాను. "మీ అమ్మ నిన్ను ఊరికే తరిమిందనుకున్నావా? ఎవరికి కావాలే నువ్వు? ఎవరికీ అక్కర్లేదు! నాకూ అక్కర్లేదు! పో!"

హాన్లన్ తుపాకీ మోగింది. తొడకి రబ్బరు తూటా తగిలి, పసిపిల్లలా ఒక్క కేక పెట్టి, నీళ్ళు చిందించుకుంటూ పరిగెత్తింది. నేను అరుస్తూనే ఉన్నాను. హాన్లన్ వచ్చి నా చేతిలో గిన్నె లాక్కునేదాకా ఆపలేదు.

ఆ వారంలో ఇంకా మూడుసార్లు గీత దాకా వచ్చింది. మూడుసార్లూ తిట్టాను. తర్వాత రాలేదు. మేత దొరక్క చచ్చిపోయిందేమో, ఏ పడవవాడైనా కాల్చేశాడేమో అని సెప్టెంబరు దాకా కుములుతూనే ఉన్నాను.

ఆఖరి రోజు డేరాలు ఎత్తేశాక, తిన్నె మీద మిగిలిన సామాను కోసం వెళ్ళాం. పడవ ముక్కు దగ్గర నిలబడి, "హాన్లన్ గారూ, తాడు అందుకోండి" అన్నాను. మామూలుగానే అన్నాను.

వాగు అవతల పొడుగాటి గడ్డి కదిలింది. అత్త లేచి నిలబడింది. చలికాలానికి బాగా కొవ్వు పట్టి, బొచ్చు నిగనిగలాడుతోంది. కడుపు నిండా తిని హాయిగా పడుకున్నట్టుంది. నా గొంతు వినిపించిన వైపు ఒక్కసారి చూసి, కొండ మీదకి పరుగు తీసింది. కొమ్మలు విరిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

"బతికిపోయిందమ్మాయ్" అన్నారు హాన్లన్.

తలూపాను. ఏడుపు వస్తుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నా గొంతు అత్తకి మళ్ళీ వినపడకూడదని, సామాను మొత్తం ఎక్కించి, పడవ ఆ వాగు దాటి మలుపు తిరిగేదాకా నేను ఒక్క మాట కూడా పైకి మాట్లాడలేదు.