పొగజ్వరానికి పాలు

జింకు పూత ఉన్న ఇనుముకు వెల్డింగ్ చేస్తే ఆ తెల్లటి పొగ ఒంట్లోకి పోయి సాయంత్రానికి చలీ జ్వరం వస్తాయి. పాలు తాగి దుప్పటి కప్పుకుంటే తెల్లారేసరికి తగ్గిపోతుంది. పాల వల్ల పోతుందో, ఎలాగూ పోయేదే కాబట్టి పోతుందో ఎవరూ తేల్చలేదు. తేల్చాల్సిన పెద్దలు ఆస్ట్రేలియా చివర్న ఉన్న మా పోర్ట్ లింకన్ పడవల యార్డుకు రారు. వచ్చినా పొగ దగ్గరికి రారు.

మ్లాడెన్ నమ్మకం మాత్రం పాల మీదే. నాకంటే పెద్దవాడు. క్రొయేషియా నుంచి చిన్నప్పుడే వచ్చి, ట్యూనా చేపలు పట్టే పడవలకు అతుకులు వేస్తూనే ముసలివాడయ్యాడు. చలికాలం మొదట్లో నర్సు మార్లీన్ సూదుల పెట్టె పట్టుకుని యార్డుకు వస్తే, అతను పడవ అడుగున చేపల తొట్టిలోకి దిగి, అతుకు అక్కర్లేని చోట కూడా వెల్డింగ్ మొదలుపెట్టాడు. రవ్వలు ఎగురుతుంటే ఆవిడ దగ్గరికి రాలేదు కదా. దీపం పట్టుకునే వంకతో నేనూ అక్కడే ఉన్నాను.

"మ్లాడెన్ గారూ! నిమ్ము తెచ్చే క్రిమికి టీకా అండీ! వెల్డింగ్ పొగ పీల్చేవాళ్లకి అది తొందరగా అంటుకుంటుంది!" అని పైనుంచి అరిచింది.

"ఏంటీ? వినపడట్లేదు!"

"వినపడట్లేదన్నది మాత్రం నాకు బాగా వినపడింది!"

చలికాలం ముదిరాక ఒక పొద్దున మ్లాడెన్ భార్య జద్రాంక ఫోన్ చేసింది. "ఇవాళ కూడా పనికి రాడు, కెల్విన్. జ్వరం. నిన్నటి నుంచి పాలు తాగుతూనే ఉన్నాడు. నా కాఫీకి చుక్క మిగల్చలేదు."

వెళ్లాను. వంటింటి కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"వచ్చాడయ్యా... డాక్టరు. స్టెతస్కోపు ఏదిరా... అమ్ముకుని తాగేశావా?"

మామూలుగా మూడు తిట్లు ఒక్క ఊపిరిలో తిట్టే మనిషి, ఒక్క మాటకే రెండుసార్లు ఆగాడు.

"ఏం జ్వరం ఇది?"

"పొగజ్వరం. రేపటికి... పోతుంది."

"నిన్న కూడా రేపే అన్నాడు," అంది జద్రాంక.

కుడి పక్కటెముకలు గట్టిగా పట్టుకుని దగ్గాడు. రుమాల్లో పడిన కళ్లె తుప్పు రంగులో ఉంది. తుప్పు నేను రోజూ చూసేదే, కానీ మనిషిలోంచి రావడం ఎప్పుడూ చూడలేదు.

"మ్లాడెన్, ఈ వారమంతా మనం అతికింది ఏ ఇనుము?"

"నల్ల రేకు... పూత లేనిది."

"మరి జింకు ఎక్కడిది?"

అతను పాల గ్లాసు వైపు చూశాడు.

"పాలల్లో ఉందేమో," అంది జద్రాంక.

"ఆసుపత్రికి పద."

"రాను. బూట్లు విప్పమంటారు. సాక్సులకి చిల్లులు..."

"నావి ఇస్తాలే."

"నీ సాక్సులా? దానికంటే... నిమ్ముతో పోవడం నయం."

పెదవులు నీలంగా కనిపించేసరికి నేనిక వాదించలేదు. అంబులెన్సుకు ఫోన్ చేశాను.

అతనికి ఆక్సిజన్ పెట్టారు, నరంలోకి మందు ఎక్కించారు. గడ్డం కూడా సరిగా రాని డాక్టరు ఒకడు బయటికొచ్చి చెప్పాడు. న్యూమోకాకస్ అనే క్రిమి అట. చాలామంది ముక్కులో, గొంతులో ఏ గొడవా చెయ్యకుండా కూర్చుంటుందట. వయసో, సిగరెట్టో, పొగో దారి ఇస్తే ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి దిగుతుందట. ఇతనికి అప్పటికే రక్తంలోకి దిగింది.

"ఇంకో రోజు ఇంట్లోనే ఉంచుంటే..." అని ఆపేశాడు. చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. సగం మాట వాళ్లంటారు, మిగతా సగం మనం రాత్రంతా మొయ్యాలి.

కొన్నాళ్లు అతను నన్ను ఒక్క మాట అనలేదు. నాకు నిజంగా భయమేసింది అప్పుడే. తర్వాత ఒక మధ్యాహ్నం మాస్కు పక్కకు లాగి, "నీ మొహం అడ్డు తియ్యరా, గాలి ఆడట్లేదు," అన్నాడు. జద్రాంక ఏడ్చేసింది. నేను కిటికీ తీసే మిషతో అటు తిరిగాను.

వసంతంలో అతను తేలిక పనికి వచ్చాడు, చొక్కా ఎవరిదో అప్పు తెచ్చుకున్నట్టు వేలాడుతుంటే. అదే వారం మార్లీన్ మళ్లీ వచ్చింది. అలవాటు కొద్దీ నా కాళ్లు చేపల తొట్టిలోకి దిగాయి. నాకు సూదంటే పడదు. అందులో దాచేదేముంది?

పైన మ్లాడెన్ గొంతు వినపడుతోంది. "నాకు వచ్చి పోయింది కదమ్మా, మళ్లీ ఎందుకు?"

"దీంట్లో రకాలు బోలెడు. మీకొచ్చింది ఒక్కటే. మిగతావి వరసలో నిలబడి ఉన్నాయి."

"ఇది వేయించుకుంటే ఇక దగ్గే రాదా?"

"అలా అని నేను చెప్పను. ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాస్తుంది. చెయ్యి ఒక రోజు సలుపుతుంది, అంతే."

అతని సూది అయిపోయింది కాబోలు, పడవ డొక్క మీద సుత్తి మోగింది. తొట్టిలో ఆ మోతకు నా పళ్లు కదిలాయి.

"ఒరేయ్ కెల్విన్! పైకి వస్తావా, నన్ను దిగమంటావా? నేను దిగితే మళ్లీ ఎక్కలేను. మోసుకురావాల్సింది నువ్వే!"

ఎక్కాను. చొక్కా చెయ్యి మడిచి, సముద్రం వైపు చూస్తూ పళ్లు బిగించాను.

"కానివ్వమ్మా," అన్నాను.

"ఎప్పుడో అయిపోయింది," అంది మార్లీన్, దూది పారేస్తూ.

మ్లాడెన్ నా చేతిలో పాల డబ్బా పెట్టాడు. నన్ను పిరికిపంద అన్నాడు, తడిసిన పిల్లి అన్నాడు, ఇంత పెద్ద ఒళ్లు ఇచ్చి గుండె ఇవ్వడం మర్చిపోయాడని దేవుణ్ణీ అన్నాడు. అంతా ఒక్క ఊపిరిలో. ఎక్కడా ఆగలేదు.

నేను డబ్బా ఎత్తి పాలు తాగేశాను.