లేని చుక్క

గడ్డకట్టించిన ఎలుక మెదడును కోత యంత్రంలో బిగించి, చుక్కమ్మ చక్రం తిప్పింది. ఉల్లిపొర కంటే పల్చటి పొర ఒకటి కత్తి మీద జారింది. దాన్ని తడి కుంచెతో మెల్లగా పరిచి గాజు పలక మీదికి దింపింది. ఇన్నేళ్లు చేసినా ఈ పని దగ్గర ఆమె ఊపిరి బిగబట్టాల్సిందే.

చుక్కమ్మ అన్నది పరిశోధనశాల పెట్టిన ముద్దుపేరు. మెదడులో జ్ఞాపకాలు నిలిచే చోటు పక్కన నల్లటి కణాల చుక్క ఒకటి ఉందని, చదువుకునే రోజుల్లో ఆమె తన మొదటి వ్యాసంలో రాసింది. ఆ తర్వాత రాసినవాటిని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. ఆ ఒక్కదాన్ని మాత్రం దేశదేశాల వాళ్లు తమ వ్యాసాల్లో ఉదహరిస్తూనే ఉన్నారు. సైటేషన్లు పుట్టగొడుగుల్లా పెరిగాయి. తమ్ముడైతే పెళ్లిళ్లలో కూడా "మా అక్క కనిపెట్టిన చుక్క" అంటూ జనం ప్రాణం తీస్తాడు.

నిజానికి ఆ చుక్క లేదు. పొర మడతపడిన చోట రంగు ఎక్కువ పట్టింది, అంతే. ఆ సంగతి ఆమెకు తెలిసేసరికే ఎవరో కోతిలో చూశామన్నారు, ఇంకెవరో మనిషిలో చూశామన్నారు. లేనిదాన్ని ఇంతమంది ఎలా చూస్తున్నారా అని తలుచుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించేది.

పొద్దున డైరెక్టర్ గదిలో ఆ మాటే చెప్పేసింది.

"వ్యాసం వెనక్కి తీసుకుంటానండి. అది ఉత్త మడత."

"భలేవారే మేడమ్! మన పరువంతా దాని మీదే నిలబడింది." ఆయన నవ్వు ఆపాడు. "సరే, మీ చేత్తోనే కోసి పెట్టండి. సాయంత్రం నేనే వచ్చి చూస్తాను. లేకపోతే తీసేద్దాం."

ఇప్పుడు ఆ పొరకు రంగు వేసి, పలకను సూక్ష్మదర్శిని కటకం కింద పెట్టింది. మడత లేదు. ముడత కూడా లేదు. చుక్క ఉంది.

ఇంకో పొర కోసి రంగు వేసింది. అందులోనూ ఉంది.

"ఏంటి మేడమ్, అలా అయిపోయారు?" పక్క బల్ల దగ్గరి జూనియర్ అమ్మాయి లేచి వచ్చింది.

తలెత్తి చూస్తే ఆ అమ్మాయి చెంప మీద చుక్క ఉంది. గోడ వైపు తిరిగితే గోడ మీద ఉంది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ చీకట్లోనూ ఉంది, ఇంకాస్త పెద్దదై. అప్పుడు అర్థమైంది, అది పలక మీద లేదని. చచ్చేంత భయం వేసింది.

"ఉంది తల్లీ," అంది. పలక మీద కాదు అని కూడా చెప్పాలనుకుంది గానీ నాలుక తిరగలేదు. కునుకు పట్టినట్టు తల బల్ల మీద వాల్చింది. మళ్లీ ఎత్తలేదు.

తలలో నరం చిట్లిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రం డైరెక్టర్ వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"చివరికి ఏమన్నారమ్మా?"

"ఉంది అన్నారండి. లెన్సులోంచి తలెత్తి, అదే మాట." ఆ అమ్మాయి వెక్కుతోంది.

ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఏడుపు నిజమైనదే. "రేపటి సంతాప ప్రకటనలో ఆ మాట తప్పకుండా రాయండి. ఇంతకంటే రుజువేం కావాలి!"

అందరూ వెళ్లిపోయారు. సూక్ష్మదర్శిని దీపం ఆర్పడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ వెలుగులో, ఆమె తర్వాత ఎవరూ కన్ను పెట్టి చూడని గాజు పలక మీద, ఆమె కోసిన ఆఖరి పొర ఒక్క మచ్చ కూడా లేకుండా ఉంది.