నూకరత్నం కోసం పెట్టిన స్విచ్చి

నేను ఒక స్విచ్చిని. బొటనవేలంత నల్లటి ఒళ్ళు, దాని మీద పైకీ కిందికీ ఆడే చిన్న నికెల్ పుల్ల. నా అందమంతా అంతే. లోపల రెండు రాగి రేకులుంటాయి. పుల్ల దించితే అవి కలుసుకుంటాయి, ఎత్తితే విడిపోతాయి. కలపడం, విడదీయడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఈ రెండు పనులకే మనుషులు ఎంత హంగామా చేస్తారో చూశాక, నాది మరీ చిన్న బతుకేమీ కాదనిపించింది.

నన్ను ఎవరు చేశారో గుర్తులేదు. ఊహ తెలిసేసరికి నర్సీపట్నంలో ఒక మైకుసెట్టుకి బిగించి ఉన్నాను. పెళ్ళిళ్ళు, జాతరలు, ఎన్నికల సభలు అన్నీ నా చేతి మీదుగానే జరిగాయి. నన్ను నొక్కగానే ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు. రెండు మాటలు చెప్పి ముగిస్తానన్న పెద్దమనిషి పొద్దు వాలేదాకా చెబుతూనే ఉండేవాడు. ఒక జాతరలో వానకి తడిసి ఆ పెట్టె మూగబోయింది. దానితో పాటు నన్నూ పాతసామాన్ల కొట్లో పడేశారు. అక్కణ్ణించి జకరయ్య ఏరి తెచ్చుకున్నాడు.

జకరయ్య నర్సీపట్నంలో బళ్ళు బాగుచేస్తాడు. బండి తయారుచేసిన ఇంజినీర్లను నోరారా తిట్టుకుంటే తప్ప ఆయన చేతికి స్పానరు రాదు. తిట్టడం అయ్యాక సగం పనులు చెడగొడతాడు, సగం బాగుచేస్తాడు. ఆయన షెడ్డుకి ఒకనాడు బొంజుబాబు తన పికప్ తోలుకొచ్చాడు.

బొంజుబాబుది చింతపల్లి పైన కొండ మీద ఊరు. కాఫీ గింజలు, మిరియాలు, క్యాబేజీ కిందికి దించుతాడు, సిమెంటూ ఉప్పూ పప్పూ పైకి ఎక్కిస్తాడు. ఆ పికప్‌కి ముందు రెండు సీట్లు, వెనక ఒక పొడుగాటి సీటు, ఆ వెనక తొట్టి. డాష్‌బోర్డు మీద గుండ్రటి మీట ఒకటుంది. మొదటి గీత దగ్గర పెడితే వెనక చక్రాలే లాగుతాయి. రెండో గీతకి నాలుగూ లాగుతాయి. మూడో గీతకి నాలుగూ లాగుతూ బండి చీమనడకలో పడుతుంది. దాన్ని లో గేరంటారు. పాత జీపుల్లో ఈ పనికి ఇనప రాడ్డుండేది, గుంజితే పడేది. ఇప్పుడు మీట తిప్పితే, సీటు కింద ఉన్న కంప్యూటరు పెట్టె కాసేపు ఆలోచించి, బుద్ధి పుడితే వింటుంది.

"జకరయ్య మావా, నాకు లో కావాల. నాలుగు సెక్రాలూ ఒద్దు," అన్నాడు బొంజుబాబు.

జకరయ్య పగలబడి నవ్వాడు. "ఇడ్లీ కావాల, పిండి ఒద్దు అన్నట్టుందిరా. ఈ బండిలో లో అంటేనే నాలుగూ."

"నూకరత్నం కోసం మావా."

నూకరత్నం అతని భార్య. రొమ్ములో పుట్టిన క్యాన్సరు వెన్నుపూసలోకి పాకింది. మందు ఎక్కించుకోవడానికి విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళి వస్తూ ఉండాలి. వెనక సీటు మీద పరుపు వేసి, దాని మీద పడుకోబెట్టి తీసుకెళ్ళేవాడు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆమె విలవిల్లాడేది. లో వేస్తే బ్రేకుతో పనిలేదు, బండి దానంతటదే నెమ్మదిగా దిగుతుంది, ఎక్కేటప్పుడూ అదే నెమ్మది. కానీ ఆ రోడ్డుకి కొత్తగా సిమెంటు వేశారు. మట్టి రోడ్డయితే చక్రాలు కాస్త జారి సర్దుకునేవి. గట్టి నేల మీద మలుపు తిరిగేసరికి ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి గుంజుకుని బండి దడదడా కుదిపేసేది. రోడ్డు బాగుపడిందని ఊరంతా సంబరపడుతుంటే, నూకరత్నం మాత్రం ఆ రోడ్డు పేరెత్తితే వణికిపోయేది.

"మలుపొస్తే సాలు, తువ్వాలు నోట్లో కుక్కుకుంటంది మావా. నాను వింటానని. అద్దంలో నాకు కనపడతానే ఉంటంది," అన్నాడు.

ఆ రోజు జకరయ్య ఇంజినీర్లను తిట్టడం మరిచిపోయాడు. బండి కిందికి దూరి, ముందు చక్రాలకు కబురు మోసే తీగ ఏదో వెతికి పట్టుకుని కత్తిరించాడు. దాన్ని పైకి లాగి, డాష్‌బోర్డు కింద కన్నం పొడిచి, నాకు కలిపాడు. నా పుల్ల ఎత్తితే ముందు చక్రాలకు కబురు అందదు. అవి ఊరికే దొర్లుతాయి, వెనక చక్రాలు మాత్రం లో గేరులో లాగుతాయి. మోసపోయానని తెలిసిన కంప్యూటరు పెట్టె ఒక పసుపు దీపం టపటపా ఆర్పి వెలిగిస్తూ గోల చేసింది.

"ఆ దీపం అలాగే కొట్టుకుంటాది. పట్టించుకోకు," అన్నాడు జకరయ్య.

సరిచూసుకోవడానికి ఇద్దరూ ఘాట్ మొదటికి వెళ్ళారు. బొంజుబాబు స్టీరింగు ముట్టుకోలేదు. వెనక సీటు ఎక్కి, పరుపు మీద నూకరత్నం తలపెట్టే వైపే తలపెట్టి పడుకున్నాడు. "నువ్వు తోలు మావా. ముందు ఎప్పట్లాగ తోలు," అన్నాడు. మొదటి మలుపులో నాలుగు చక్రాలూ కుమ్ములాడుకున్నాయి. రెండో మలుపులో జకరయ్య నన్ను పైకెత్తాడు. బండి మెత్తగా తిరిగింది.

"ఎలాగుందిరా?"

"ఇన్నాళ్ళూ దాన్ని అలాగా తోలీసినాను మావా!" అని మొహం పరుపులో పెట్టుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత రోజులే నా బతుకులో మంచి రోజులు. ఘాట్ మొదట్లో బండి ఆపి, మీట తిప్పి, వేలితో నన్ను మెల్లిగా పైకెత్తేవాడు. ఇంక మేము ఊరేగేవాళ్ళం. వెనక బస్సులు హారన్లు మోగించేవి. ఎదురొచ్చే డ్రైవర్లు తల బయటపెట్టి, "ఏరా బొంజూ, బండి తోల్తన్నావా, మేపుతున్నావా?" అని కేకలేసేవారు. నూకరత్నం వెనక నుంచి నవ్వేది.

"పెల్లయిన కొత్తలో జీపు మీద నన్ను గంతులేయించీసినావు. ఇప్పుడా నీకు మెత్తదనం గుర్తొచ్చింది?" అనేది.

"అప్పుడు నీ పక్కన కూకోవాలని తొందర," అనేవాడు అతను.

ఒకసారి ఇల్లు చేరేదాకా ఆమె నిద్రపోయింది. బొంజుబాబు ఆ సంగతి ఊళ్ళో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు, పరీక్ష పాసైనట్టు. నేనూ ఉబ్బిపోయాను. నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఆ తేడా నాకెలా తెలుస్తుంది, మైకుసెట్టు స్విచ్చిని? బొంజుబాబుకి తెలుసు. తెలిసే, ప్రతి మెత్తటి మలుపులోనూ కాస్త కాస్త మరిచిపోయాడు.

నూకరత్నం ఆసుపత్రిలోనే పోయింది.

వాళ్ళ బండిలో పంపిస్తామని ఆసుపత్రి వాళ్ళంటే వద్దన్నాడు. తమ బండిలోనే, అదే పరుపు మీద పడుకోబెట్టుకున్నాడు. ఆమె తమ్ముడు సన్యాసి ముందు సీట్లో కూర్చున్నాడు. ఘాట్ మొదట్లో బొంజుబాబు బండి ఆపి మీట తిప్పాడు. వేలు నా మీద పెట్టాడు.

"బావా," అన్నాడు సన్యాసి మెల్లిగా, "ఇంకెందుకు అది? ఊల్లో అందరూ ఎదురు సూస్తన్నారు. తొరగా ఎలిపోదాం."

"మలుపుల్లో కుదుపుద్దిరా," అన్నాడు బొంజుబాబు. అని నన్ను పైకెత్తాడు.

సన్యాసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు వెనకొచ్చిన బస్సు కూడా హారన్ కొట్టలేదు. ఎన్నో సభల్లో ఎందరివో గొంతులు మోశాను నేను. ఆ రోజు ఏడవడానికి నాకు మాత్రం గొంతు లేదు.

అయిపోయింది కదా అనుకున్నాను. కాలేదు. కర్మలన్నీ ముగిశాక సరుకు తోలడం మొదలుపెట్టాడు. పరుపు ఇంట్లో తీసిపెట్టినా, ఘాట్ రాగానే చెయ్యి నా దగ్గరికే వచ్చేది. క్యాబేజీ బస్తాలను అంత మెత్తగా మోసిన బండి ఆ కొండల్లో మరొకటి లేదు. సరుకు సంతకి ఆలస్యంగా చేరేది. షావుకార్లు విసుక్కున్నారు, వేరే బండి చూసుకుంటామన్నారు. వాళ్ళని అనడానికేముంది, క్యాబేజీకి నడుంనొప్పి ఉండదు.

చివరికి జకరయ్య షెడ్డుకే వచ్చాడు. "దీన్ని తీసీ మావా."

"ఉంటే నీకేటిరా బరువు? వాడుకోకు."

"ఏలు దానికాడికే పోతంది. ఎత్తగానే ఎనకనున్నాదనే అనిపిస్తంది. మలుపు దాటాక తెలుస్తంది మావా, నేదని. రోజూ ఎన్ని మలుపులు..."

జకరయ్య నన్ను ఊడదీసి, తీగ రెండు కొసలూ తిరిగి ముడేసి టేపు చుట్టాడు. పసుపు దీపం ఆరిపోయింది. నన్ను షెడ్డు గుమ్మం దగ్గర పాత నట్లూ బోల్టులూ ఉన్న రేకు డబ్బాలో వేశాడు. అక్కణ్ణించి మొట్టమొదటిసారి ఆ బండిని బయట నుంచి చూశాను. ఎంత పాతబడిపోయిందో.

బొంజుబాబు స్టార్టు చేసి రోడ్డెక్కబోయాడు. షెడ్డు ముందున్న మురుగుకాలవ పలక మీద వెనక చక్రం ధడాలున ఎక్కి దిగింది. బండి మొత్తం ఎగిరిపడింది.

వెంటనే బ్రేకు తొక్కాడు. ఒక చెయ్యి వెనక్కి చాచి, కంగారుగా తిరిగి వెనక సీటు కేసి చూశాడు.

"ఏటైందిరా?" అని జకరయ్య గుమ్మంలోంచి కేకేశాడు.

బొంజుబాబు చాచిన చెయ్యి అలాగే సీటు మీద ఉంచి కాసేపు కూర్చున్నాడు. తర్వాత ముందుకు తిరిగి బండి పోనిచ్చాడు.